బెంగళూరులో 30×40 సైటు తవ్వకం: జేసీబీ కాంట్రాక్టర్‌ని ఎలా మాట్లాడుకోవాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కె.ఆర్.పురం వైపు 30×40 సైటు, తూర్పు రోడ్డు. ఐదడుగుల లోతులో హాఫ్ బేస్‌మెంట్ పార్కింగ్, ముందువైపు సంప్. దక్షిణం పక్క పాత ఇల్లు, ఉత్తరం పక్క ఖాళీ సైటు. ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగితే ఒకరు గంటకింత అన్నారు, ఒకరు లోడుకింత, ఇంకొకరు మొత్తం కలిపి ఇంత. ఎవరికివ్వాలి?

ఇప్పుడున్న కొటేషన్లతో ఎవరికీ ఇవ్వకండి. ముగ్గురూ చెప్పింది ఒకే పనికి మూడు రేట్లు కాదు. అనుకోని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో మూడు రకాలుగా చెప్పారు, అంతే. గంట రేటులో అది మొత్తం మీదే: టిప్పరు రాకపోయినా, ఆపరేటరు టీకి పోయినా, బండ తగిలినా మీటరు మీదే తిరుగుతుంది. లోడు రేటులో టిప్పరు ఎంత నిండిందన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది. మొత్తానికి ఒకే రేటు అన్నవాడు రెండు మూడు రోజులు బాగానే చేస్తాడు. కింద గట్టి నేల తగలగానే 'ఇది లెక్కలో లేదు సార్' అంటాడు. అప్పటికి సైటు మధ్యలో గుంత ఉంటుంది, మీరు ఇంకొకరిని పిలవలేరు.

నేను చెప్పేది ఇది. మట్టికి గుంత కొలత మీద రేటు, అంటే తవ్విన చోట టేపు పెట్టి కొలిచిన సీఎఫ్‌టీకి (ఘనపుటడుగుకి) ఇంత, తీసుకెళ్ళి పారబోయడంతో కలిపి. బండకు మాత్రం బ్రేకరు (రాయి పగలగొట్టే మెషీన్) గంటల లెక్క. ఈ రెండూ మాట్లాడే ముందు ట్రయల్ గుంతలు.

ట్రయల్ గుంతల గురించి ఎవరూ చెప్పరు, అసలు డబ్బు ఆదా అయ్యేది అక్కడే. జేసీబీ ఎలాగూ కనీసం ఇన్ని గంటలని లెక్కగట్టి వస్తుంది. ఆ కనీస గంటల్లోనే మూడు చోట్ల గుంతలు తీయించండి: సంప్ వచ్చే చోట ఒకటి, వెనక రెండు మూలల దగ్గర చెరొకటి. కావలసిన లోతుకన్నా ఇంకో అడుగు ఎక్కువ పోవాలి. ఒక్క జాగ్రత్త, ఫుటింగు (కాలమ్ కింది పునాది) వచ్చే చోట ట్రయల్ గుంత వద్దు. తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి వదులుగా ఉంటుంది, దాని మీద ఫుటింగు కూర్చోబెట్టకూడదు. రెండు కాలమ్‌ల మధ్య ఖాళీలో తీయించండి. స్ట్రక్చరల్ ఇంజనీరును అదే రోజు రమ్మనండి, నేల చూసి సాయిల్ టెస్టు కావాలో వద్దో, ఫుటింగు లోతు మార్చాలో అక్కడే చెబుతారు.

బెంగళూరు నేల ఇలా ముందే తవ్వి చూడవలసిన నేలే. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద నైస్ అనే గట్టి రాయి. లాల్‌బాగ్‌లో బయటికి కనిపించే బండ ఆ జాతిదే. ఈ రాయి ఒకే మట్టంలో ఉండదు. ఒక సైటులో పదిహేనడుగుల దాకా మొరమే వస్తుంది, పక్క సైటులో నాలుగడుగులకే గుండు తగులుతుంది. కాబట్టి 'పక్కింటికి తవ్వినప్పుడు ఏమీ రాలేదు' అన్న మాట మీద రేటు ఒప్పుకోవద్దు, ఒప్పించుకోవద్దు. చెరువు పక్కన, రాజకాలువకు (పెద్ద వాననీటి కాలువకు) దగ్గరలో ఉన్న లేఔట్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: రాయి ఉండదు కానీ నల్లమట్టి, బురద, నీటి ఊట. అక్కడ బ్రేకరు బదులు నీళ్ళు తోడే పంపు గంటలు మాట్లాడుకోవాలి.

బండ తగిలితే మొదటి పని మెషీన్ ఆపించడం. రెండు రకాలుగా ఉంటుంది. సైటంతా పరచుకున్న పలక బండ అయితే దాన్ని పగలగొట్టి ఇంకా కిందికి పోవలసిన అవసరం ఉండకపోవచ్చు. ఫుటింగును అక్కడే కూర్చోబెట్టి డిజైను మార్చవచ్చు, ఖర్చు తగ్గుతుంది కూడా. అలా కాకుండా మట్టిలో కూరుకుపోయిన విడి గుండు అయితే ఎంత ఖర్చైనా తీసేయాలి. ఫుటింగు సగం రాయి మీద, సగం మట్టి మీద ఉంటే మట్టి వైపు కుంగుతుంది, రాయి వైపు కుంగదు, పైన గోడ చీలుతుంది. తేడా తెలుసుకోవడానికి చుట్టూ గునపం దింపి చూస్తారు. అంచు తెలిసి గునపం పక్కనుంచి కిందికి దిగిపోతే గుండు. ఎటు చూసినా ఠంగుమంటే పలక. ఈ నిర్ణయం ఇంజనీరుది, ఆపరేటరుది కాదు. బ్రేకరు గంటలు పెరిగితే ఎవరికి లాభమో ఆలోచించండి.

ఇళ్ళ మధ్య మందుగుండు పేల్చడం కుదరదు, ఆ మాట ఎత్తిన కాంట్రాక్టరును అక్కడే వదిలేయండి. బ్రేకరు అదురు తగలకూడనంత దగ్గరగా పక్కిల్లు ఉంటే, రాతిలో వరసగా రంధ్రాలు వేసి వ్యాకోచించే రసాయన పొడిని నీళ్ళలో కలిపి పోస్తారు. అది గట్టిపడుతూ ఉబ్బి, ఒక రోజు అటూ ఇటూగా రాయిని చీలుస్తుంది. నెమ్మది, కానీ అదురు ఉండదు. ఆ తర్వాత ముక్కలు జేసీబీ ఎత్తుతుంది.

ఒప్పందంలో 'బండ' అంటే ఏమిటో రాసుకోకపోతే మొరాన్ని కూడా బండ ఖాతాలో వేస్తారు. పక్కా మాట ఇది: జేసీబీ బకెట్ పళ్ళతో గీకితే వచ్చేదంతా మట్టే, మొరంతో సహా. బకెట్‌లో పట్టే విడి రాయి కూడా మట్టి లెక్కే. బ్రేకరు పెడితే తప్ప రానిది మాత్రమే బండ. పగలగొట్టిన రాయిని కుప్ప పేర్చి కొలిచే పద్ధతి ఎంచుకుంటే, సందుల కోసం కుప్ప కొలతలో 50 శాతం తగ్గించడం ప్రభుత్వ పనుల్లో మామూలు. అది అడగండి.

ఇక లెక్క. మీ బేస్‌మెంట్ గుంత 24 అడుగులు × 34 అడుగులు × 5 అడుగులు అనుకుందాం. 4,080 సీఎఫ్‌టీ, అంటే దాదాపు 115 ఘనపు మీటర్లు. భూమిలో బిగుసుకుని ఉన్న మట్టి బయటికొస్తే ఉబ్బుతుంది. మామూలు మట్టి, మొరం 20 నుంచి 30 శాతం, పగలగొట్టిన రాయి 50 శాతం పైనే. పాతిక శాతం వేసుకుంటే లారీకెక్కేది 5,100 సీఎఫ్‌టీ. టిప్పరు బాడీ లోపల టేపు పెట్టి కొలవండి. 14 × 7 × 4 వస్తే 392 సీఎఫ్‌టీ. అంటే అంచుకు సమంగా నింపితే 13 లోడ్లు, మట్టి కాస్త ఎక్కువ ఉబ్బితే 14. మీకు 18 లోడ్ల బిల్లు వచ్చిందంటే ప్రతి బండీ ముప్పావు వంతే నింపి పంపారన్నమాట. బాడీ మూలల్లో ఎండిపోయి అతుక్కున్న పాత మట్టి కూడా మీ లోడులో భాగంగా లెక్కకొస్తుంది, మొదటి ట్రిప్పుకు ముందే గీకించండి. 'యూనిట్' అంటే మన వైపు 100 సీఎఫ్‌టీ. ఇక్కడ 'లోడు' అన్న మాటకు అలాంటి ఖాయమైన కొలత లేదు, బండిని బట్టి మారుతుంది.

సంప్ దగ్గర చాలామంది ఎస్టిమేట్ చూసి ఉలిక్కిపడతారు. లోపల 10 × 8 × 6 అడుగుల సంప్ అంటే 480 సీఎఫ్‌టీ, సుమారు 13,600 లీటర్లు. కానీ తవ్వేది అంతే కాదు. రెండు వైపులా 8 అంగుళాల గోడ, షట్టరింగ్ కొట్టడానికి, బయట వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి అడుగున్నర ఖాళీ, కింద పీసీసీ (కమ్మీ లేని కాంక్రీటు పొర), దాని మీద సంప్ అడుగుభాగం స్లాబు, పైన కప్పు. ఇవన్నీ కలిపితే గుంత 14 అడుగుల 4 అంగుళాలు × 12 అడుగుల 4 అంగుళాలు × 7 అడుగుల 3 అంగుళాలు, దాదాపు 1,280 సీఎఫ్‌టీ. లోపలి కొలతకు రెండున్నర రెట్లు పైనే. ఇక్కడ కాంట్రాక్టరు మోసం చేయడం లేదు. ఖాళీ ఇవ్వకుండా మట్టి గోడకే కాంక్రీటు పోసేస్తామన్నవాడు చవగ్గా చెబుతాడు, కానీ బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ అసలు జరగదు.

ఏడడుగుల గుంతలోకి మనుషులు దిగి కమ్మీ కడతారు. 1.5 మీటర్లు, అంటే ఐదడుగులు, లేదా అంతకన్నా లోతైన గుంతకు అంచులు వాలుగానో మెట్లుగానో తీయాలి. చోటు లేకపోతే చెక్కలు, జాకీలతో పక్కలకు దన్ను కట్టాలి. తీసిన మట్టి అంచుకు 1.5 మీటర్ల దూరంలో, లేదా గుంత లోతులో సగం దూరంలో, ఏది ఎక్కువైతే అంత అవతల ఉండాలి. కేంద్ర పీడబ్ల్యూడీ భద్రతా నియమం ఇదే. నిలువుగా తీసిన ఎర్రమట్టి గోడ ఎండలో రాయిలా నిలబడి ఉంటుంది, అందుకే అందరూ మోసపోతారు. ఒక రాత్రి వాన పడితే తెల్లారేసరికి పైనుంచి పలకలా విడిపోతుంది. అంచుకు రెండడుగుల అవతల పొడుగ్గా సన్నటి చీలిక కనిపిస్తే ఎవరినీ కిందికి దిగనివ్వకండి. ఎక్కడానికి నిచ్చెన ఒకటి ఎప్పుడూ గుంతలోనే ఉండాలి.

దక్షిణం పక్క పాత ఇల్లు మీ అసలు సమస్య. ఆ కాలపు ఇళ్ళకు సైజు రాయి పునాది మూడు నాలుగు అడుగులు మించి ఉండకపోవచ్చు. మీరు తవ్వేది ఐదు, ఫుటింగుతో ఇంకా ఎక్కువ. కాంపౌండ్ దగ్గర ట్రయల్ గుంత ఒకటి చేత్తో తవ్వించి వాళ్ళ పునాది అడుగు ఎక్కడుందో చూడండి. మీ గుంత దానికన్నా కిందికి పోతే ఆ వైపు మొత్తాన్ని ఒకేసారి తెరవకూడదు. నాలుగైదు అడుగుల వెడల్పు ముక్కలుగా విడగొట్టి, ఒకటి విడిచి ఒకటి తవ్వి, అక్కడ గోడ కట్టి గట్టిపడ్డాకే మధ్యవి తవ్వాలి. ఈ వైపు జేసీబీ గంట రేటుతో పని తేలదు, కూలీ మనుషులతో విడిగా మాట్లాడుకోండి. పని మొదలవకముందే పక్కింటివాళ్ళను వెంటబెట్టుకుని వాళ్ళ గోడల ఫొటోలు తేదీతో తీసి, ఉన్న పగుళ్ళ మీద పెన్సిల్ గీత పెట్టి, వాట్సాప్‌లో వాళ్ళకే పంపండి. పక్క నేలకు సహజంగా దొరికే ఆసరాను తీసేయకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. కోర్టు దాకా పోతే కాంట్రాక్టరు కనిపించడు, మీరే నిలబడాలి.

ఉత్తరం పక్క ఖాళీ సైటు చూసి 'మట్టి అక్కడ పోద్దాం' అంటారు. ఓనరు నుంచి మెసేజ్ రూపంలోనైనా అనుమతి లేకుండా వద్దు. రోడ్డు మీద పోస్తే ఒక్క వానకు మోరీలోకి దిగుతుంది, కార్పొరేషన్ జరిమానా వేస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో ఉందో చూసుకుని అక్కడే అడగాలి. సంప్ చుట్టూ, ఫుటింగుల చుట్టూ తిరిగి పూడ్చడానికి మంచి మొరం కావాలి. మూడు లోడ్లయినా ఆపుకోండి. మొత్తం పంపేసి నెల తర్వాత అదే మట్టిని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళే ఎక్కువ. పైనున్న వేర్లు, చెత్త కలిసిన ఒక అడుగు మందం మట్టి మాత్రం పూడ్చడానికి పనికిరాదు, అది మొదటి బండిలోనే పోవాలి.

మట్టి ఎక్కడ పారబోస్తున్నారో తప్పక అడగండి. చెరువు గట్టు మీదో రాజకాలువలోనో పోసి పట్టుబడితే బండి నంబరుతో పాటు సైటు అడ్రసు కూడా బయటికొస్తుంది. పైగా పని వేగం దాని మీదే ఆధారపడి ఉంటుంది. జేసీబీ వెనక బకెట్‌లో పట్టేది పావు ఘనపు మీటరు, సుమారు 9 సీఎఫ్‌టీ. నిమిషానికి రెండు బకెట్లు వేసినా పైన చెప్పిన టిప్పరు నిండడానికి 20-25 నిమిషాలు. అంటే ఆ 13 లోడ్ల తవ్వకం ఐదారు గంటల పనే. కానీ డంపింగ్ చోటికి పోయి రావడానికి రెండు గంటలు పడితే, జేసీబీ ఖాళీగా నిలబడకుండా ఉండాలంటే కనీసం ఆరు, నిజానికి ఏడు టిప్పర్లు తిరగాలి. రెండే పెడితే రెండు రోజులవుతుంది. గంట రేటు తక్కువ చెప్పినవాడి దగ్గర టిప్పర్లు ఎన్నున్నాయో ముందు అడగండి. పగటిపూట భారీ లారీల మీద ఆంక్షలున్న రోడ్లలో మట్టి రాత్రే కదులుతుంది. బ్రేకరు మాత్రం రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు మోగించకూడదు, పోలీసులు వచ్చి ఆపేస్తారు.

కాంట్రాక్టరు మన అనంతపురం వాడో మదనపల్లె వాడో అయితే మాట కలుస్తుంది, బాగానే ఉంటుంది. అంతమాత్రాన లెక్కలు నోటిమాట మీద వదలకండి. స్టాంపు పేపరు అక్కర్లేదు, వాట్సాప్‌లో ఇలా పంపి 'ఓకే' అని జవాబు తెప్పించుకుంటే చాలు:

'మట్టి, మొరం తవ్వి బయటికి తీసుకెళ్ళడం సీఎఫ్‌టీకి ___ రూపాయలు, గుంత కొలత ప్రకారం. మార్కింగ్ దాటి ఎక్కువ తవ్వితే దానికి డబ్బు లేదు. బ్రేకరు గంటకు ___, మా ఇంజనీరు చూసి చెప్పాకే మొదలు. మెషీన్ తెచ్చే ఖర్చు, డీజిల్, బత్తా అన్నీ కలిపే. టిప్పర్లు కనీసం ___. మూడు లోడ్ల మంచి మొరం సైటులోనే. పైపు, కేబుల్, మోరీ స్లాబు, పక్క కాంపౌండ్ దెబ్బతింటే బాగుచేయించడం మీ బాధ్యత. అడ్వాన్సు ___, మిగతాది మట్టం చెక్ చేశాక.'

ఖాళీల్లో అంకెలు నేను రాయను. డీజిల్ ధర, సీజను, డంపింగ్ దూరం బట్టి రేటు మారిపోతుంది. ఇదే మెసేజ్ ముగ్గురికీ పంపితే అప్పుడు వచ్చే అంకెలు పోల్చదగ్గవి. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పైన పడుతుంది, అది కలిపే చెప్పారా అని అడగండి. మెషీన్ ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఆపరేటరు లైసెన్సు ఫొటోలు తీసుకోండి. ఇవ్వడానికి నసిగేవాడు వద్దు.

మెషీన్ విషయంలో ఈ సైటుకు జేసీబీ చాలు. గరిష్ఠంగా పదిహేనడుగుల దాకా తవ్వగలదు, తనంతట తాను రోడ్డు మీద నడిచి వస్తుంది. హిటాచి (చైను మీద నడిచే పెద్ద తవ్వే మెషీన్) అయితే ట్రెయిలరు మీద రావాలి, రానూపోనూ చార్జీ మీకే, 20 అడుగుల రోడ్డులో ట్రెయిలరు తిరగదు కూడా. బండ గట్టిగా తగిలితేనే దాని అవసరం. జేసీబీ ఎత్తిన చెయ్యి మీ వీధిలో వేలాడే ఇంటర్నెట్ వైర్లకు తగులుతుంది, బెస్కాం (కరెంటు సంస్థ) తీగలకు పది అడుగుల దూరం ఉండాల్సిందే. తీగ మరీ దగ్గరైతే 1912కి ఫోన్ చేసి లైను ఆపించుకోండి. నీటి పైపు, యూజీడీ (భూగర్భ మురుగు) లైను ఎటు పోతున్నాయో బెంగళూరు జలమండలికి 1916లో ఫోన్ చేసి అడగండి. గ్యాసు పైపు వచ్చిన వీధైతే గెయిల్ గ్యాస్ గుర్తు రాళ్ళు చూడండి. రోడ్డువైపు మొదటి మూడడుగులు మనిషి చేత్తోనే తవ్వాలి. ఇంకొకటి, మన ఫుట్‌పాత్ అంటే మోరీ మీద పరిచిన రాతి పలకలే. నిండు టిప్పరు వెనక చక్రం ఎక్కితే విరిగిపోతాయి. ఇనప ప్లేటు వేయించండి.

పూజ కోసం ఈశాన్యంలో గునపం వేయండి, తప్పులేదు. కానీ మెషీన్ అక్కడ మొదలుపెడితే తూర్పు రోడ్డు సైటులో బయటికి దారి మూసుకుపోతుంది. పూజకు రెండు బకెట్లు తీసి, అసలు తవ్వకం పడమర గోడ నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ రోడ్డుకు రావాలి. దారిలో పడే సంప్ గుంత చివరికి.

కొత్త ఇల్లు, 1,200 చదరపు అడుగుల సైటు కాబట్టి వాననీటి ఏర్పాటు జలమండలి నిబంధన ప్రకారం తప్పనిసరి. ఇంకుడు బావికి జేసీబీ వద్దు, అది అనవసరంగా పెద్ద గుంత చేస్తుంది. మూడడుగుల వ్యాసం, సిమెంటు రింగుల బావి మన్ను వడ్డరు మనుషులు శుభ్రంగా తవ్వుతారు, వాళ్ళ ఇళ్ళలో మాట మన తెలుగుకు దగ్గరే. బేస్‌మెంట్ గోడకు వీలైనంత దూరంగా పెట్టించండి.

మట్టం సంగతి. తవ్వకముందే రోడ్డు మధ్య మట్టాన్ని సున్నాగా తీసుకుని, చెడిపోని గోడ మీద ఎర్ర పెయింటుతో గీత పెట్టాలి. ఆపరేటరు ప్రతి గంటకూ లోతు అడుగుతాడు, మేస్త్రీ లెవెల్ ట్యూబుతో ఆ గీత నుంచి చూసి చెప్పాలి. కంటి అంచనాతో ఆరంగుళాలు తేలిగ్గా తప్పిపోతుంది. బకెట్ పళ్ళు అడుగును కెలికి వదులు చేస్తాయి, అందుకే చివరి ఆరంగుళాలు పారతో తీయించాలి. ఫుటింగు గుంత లోతెక్కువైతే మట్టి వేసి తొక్కించి సరిచేస్తామంటారు. ఒప్పుకోవద్దు, ఆ లోతు పీసీసీతోనే నింపాలి, ఆ కాంక్రీటు ఖర్చు మార్కింగ్ దాటినవాడిదే. నైరుతి వాన చివరికొచ్చే సెప్టెంబరు, అక్టోబరుల్లో కూడా ఇక్కడ గట్టిగా కురుస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు పెట్టుకుంటే మేలు. చేత్తో చెక్కిన రోజే 4 అంగుళాల పీసీసీ వేసేయండి. ఈలోగా వాన పడి గుంత నిండితే నీళ్ళు తోడించి, కాలు దిగబడే బురదంతా గట్టి నేల తగిలేదాకా పారతో తీయించాకే కాంక్రీటు బండిని పిలవండి.